సరుకు ఉండగానే గొయ్యి లెక్క తేల్చండి: నెల్లూరు మైకా పట్టీ గురించి గనుల అధికారులకు, లీజుదారులకు ఒక బహిరంగ లేఖ

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టరు గారికి, రాష్ట్ర గనుల శాఖ, ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్, గనుల భద్రతా డైరెక్టరేట్ అధికారులకు, సైదాపురం, గూడూరు, పొదలకూరు, రాపూరు ప్రాంతాల్లో మైకా, పలుగురాయి లీజులు ఉన్న యజమానులకు,

నమస్కారం.

నేను పుట్టింది సైదాపురం మండలంలోని ఒక చిన్న పల్లెలో. మా నాయన మైకా గనిలో రాతికి బెజ్జాలు వేసి మందు కూరే పని చేశాడు. అమ్మ ఒక షెడ్డులో, ఒళ్ళో గోనెపట్టా పరుచుకుని, చిన్న కత్తితో మైకా పలకలను రేకులు రేకులుగా చీల్చేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె ముంజేతుల మీద, ముక్కుపుడక చుట్టూ మైకా పొడి మెరుస్తూ ఉండేది. ఆ కూలి డబ్బులతోనే నేను చదువుకుని, సర్వే పరీక్ష ప్యాసై, గోదావరి లోయలోని, పైనుంచి నేల తెరిచి తవ్వే ఒక బొగ్గు ఓపెన్‌కాస్ట్ గనిలో 31 ఏళ్ళు సర్వేయరుగా పనిచేసి, ఉద్యోగ విరమణ తర్వాత మళ్ళీ ఊరు చేరాను. గని మా ఇంటికి అన్నం పెట్టింది. తవ్వకాలు వద్దని చెప్పడానికి నేను ఈ లేఖ రాయడం లేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గనిలో సరుకు అయిపోయే నాటికి, దాన్ని పూడ్చి, గట్టులు సర్ది, పైమట్టి పరిచి, భూమిని తిరిగి భూమిగా అప్పగించే పని ముప్పాతిక వంతు పూర్తయి ఉండాలి. సరుకు అయిపోయాక మొదలుపెడదాం అనుకున్న పూడ్చివేత పూర్తి కావడం నా ఉద్యోగ జీవితంలో నేను చూడలేదు. బొగ్గు గనిలో నియమాలు, డబ్బు, యంత్రాలు, ఇంజినీర్లు అన్నీ ఉండి కూడా ఆ పని ఎలా జారిపోయిందో కళ్ళారా చూశాను కాబట్టే, ఇవేవీ సరిగా లేని మా మైకా పట్టీలో మళ్ళీ తవ్వకాలు ఊపందుకుంటున్న ఈ సమయంలో మీకు ఈ విషయం వివరంగా రాయాలనిపించింది.

ముందు బొగ్గు గని సంగతి చెబుతాను. బొగ్గు పొర మీద ఉండే మట్టినీ ఇసుకరాయినీ కలిపి మేము ఓబీ అంటాం. గని మొదలయ్యే రోజుల్లో లోపల చోటుండదు కనుక, తొలి కోతలో తీసిన ఓబీని గని బయట గుట్టగా పోస్తారు. కొన్నేళ్ళకు బొగ్గు తీసేసిన జాగా వెనక ఏర్పడుతుంది. అప్పటి నుంచి ముందు తవ్విన ఓబీని వెనక ఖాళీలో పోసుకుంటూ సాగిపోవాలి. పగిలిన రాయి ఉబ్బి, గట్టిగా ఉన్నప్పటికంటే 20, 30 శాతం ఎక్కువ చోటు తీసుకుంటుంది కనుక, తీసిన బొగ్గు లోటు కొంత దానితో పూడుతుంది. అయినా తొలి కోతలో బయట పోసిన గుట్ట బయటే ఉండిపోతుంది. దాన్ని తిరిగి ఎత్తి లోపల పోయాలంటే ఒకే మట్టికి రెండుసార్లు డీజిల్ ఖర్చు. అందుకని దాదాపు ప్రతి ఓపెన్‌కాస్ట్ గనిలోనూ చివర ఒక పెద్ద గొయ్యి మిగులుతుందని ప్రణాళిక రాసే రోజునే అందరికీ తెలుసు. దాన్ని ఎంత చిన్నదిగా, ఎంత భద్రంగా మిగల్చగలమన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు రాయాల్సింది గని నడుస్తున్న రోజుల్లోనే. ఎందుకంటే బొగ్గు పొర వాలుగా దిగుతుంది. తొలి ఏళ్ళలో కొద్ది ఓబీ తీస్తే టన్ను బొగ్గు చేతికొస్తుంది, చివరి ఏళ్ళలో అదే టన్ను కోసం ఎన్నో రెట్లు తవ్వాలి. అంటే చేతిలో డబ్బు ఆడే కాలంలో పూడ్చాల్సింది తక్కువ, పూడ్చాల్సింది పేరుకుపోయే కాలానికి డబ్బు ఆడదు. ఈ సంగతి గ్రహించే కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ 2009 ఆగస్టులో గనుల మూసివేతకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఓపెన్‌కాస్ట్ గనికి హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి హెక్టారుకు లక్ష రూపాయలు ప్రాతిపదికగా లెక్క కట్టి, ఆ మొత్తాన్ని గని ఆయుష్షు మీద పంచి, ఏటా ఎస్క్రో ఖాతాలో, అంటే పని చేసి చూపితేనే డబ్బు విడుదలయ్యే పూచీ ఖాతాలో, వేయాలన్నది అందులోని ముఖ్యాంశం. 2013లో సవరించిన మార్గదర్శకాలు, చివరి మూసివేత ప్రణాళికను గని ఆగడానికి కనీసం ఐదేళ్ళ ముందే ఆమోదానికి పంపాలని చెప్పాయి. మంచి నియమాలు. వాటిని రాసినవాళ్ళకు గని పని తెలుసు.

మరి మా గనిలో ఏం జరిగింది? ఒకచోట బొగ్గు పొర తెగి, అవతలి భాగం బాగా కిందికి జారి ఉందని తవ్వుతూ పోయాకే తేలింది. ఇంకా ఆరేళ్ళు వస్తుందనుకున్న బొగ్గు మూడేళ్ళకే ముగిసేలా కనబడింది. ఐదేళ్ళ ముందు పంపాల్సిన ప్రణాళికకు మూడేళ్ళు కూడా మిగల్లేదు. బొగ్గు లక్ష్యం, పూడ్చే లక్ష్యం రెండూ తవ్వి ఎత్తే ఒకే షావెళ్ళ మీద, మోసే ఒకే డంపర్ల మీద ఆధారపడ్డాయి. సాయంత్రం షిఫ్టు మీటింగులో ఎన్ని టన్నులు పంపారని రోజూ అడిగేవాళ్ళు. ఎన్ని ఘనపు మీటర్లు వెనక్కి పోశారని అడిగిన రోజులను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. అడగని లెక్క ఎవరూ చేయరు. నెలాఖరు సర్వేలో పూడ్చిన మట్టం నేను కొలిచి రాసేవాణ్ణి, ఆ అంకె ఫైలులోకి వెళ్ళేది, అక్కడే ఉండిపోయేది.

పైమట్టి కథ ఇంకా బాధ కలిగిస్తుంది. గని మొదలైనప్పుడు జానెడు లోతున నల్లటి పైమట్టిని విడిగా గీకి, ఒక కుప్పగా పోసి, దానికి బోర్డు కూడా పెట్టాం. పైమట్టి అంటే విత్తనాలు, వేళ్ళు, కంటికి కనబడని జీవులు ఉన్న సజీవ పదార్థం. దాన్ని ఎత్తయిన కుప్పగా ఏళ్ళ తరబడి ఉంచితే లోపల ఊపిరాడక సత్తువ చచ్చిపోతుంది. అందుకే పలచగా పోయాలి, మీద పప్పుజాతి మొక్కలు పెంచాలి, వీలైనంత త్వరగా పూడ్చిన నేల మీద పరిచేయాలి. మా కుప్ప పక్కగా డంపర్లు తిరిగే కొత్త హాల్ రోడ్డు వచ్చింది, రోడ్డుకు గట్టు కావాల్సి వచ్చింది, దగ్గరున్న మట్టే గట్టుకు పోయింది. చివరికి పూడ్చిన నేల మీద పరచడానికి పైమట్టి లేక, ఇసుకరాయి ముక్కల్లోనే గుంతలు తీసి మొక్కలు నాటారు. హెక్టారుకు 2,500 మొక్కలని పట్టికలో రాశారు. మరుసటి మే నెలలో నేను ఒక వరస వెంట నడిచి చూస్తే, చాలా గుంతల్లో మొక్క లేదు, మొక్కకు ఆసరాగా కట్టిన వెదురు పుల్ల మాత్రం నిలబడి ఉంది. కొన్నిటికి పురికొస ముడి కూడా అలాగే ఉంది.

చివరి బొగ్గు వెళ్ళిన కొద్ది వారాల్లోనే షావెళ్ళు, డంపర్లు పక్క ప్రాజెక్టుకు తరలిపోయాయి. మనుషులనూ బదిలీ చేశారు, నన్నూ చేశారు. మిగిలింది ఇద్దరు వాచ్‌మెన్లు, నీళ్ళు తోడే ఒక పంపు. ఎస్క్రో ఖాతాలో డబ్బు ఉంది. అది విడుదల కావాలంటే పని చేసి చూపాలి. పని చేయాలంటే యంత్రం కావాలి. యంత్రం అడిగితే అక్కడి బొగ్గు ఆగిపోతుందని పక్క ప్రాజెక్టు వాళ్ళు పంపరు. ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు. నాతో పనిచేసిన మేనేజర్లు చాలామంది నిజాయితీపరులు, గనిని ప్రేమించినవాళ్ళు. కానీ బతికున్న గనికే అందరూ పనిచేస్తారు, ఆగిపోయిన గనికి పనిచేసే మనిషి ఏ సంస్థలోనూ ఉండడు. కొన్నాళ్ళకు పంపు ఆగింది, గొయ్యి నీళ్ళతో నిండింది, గట్టు అంచు కొంచెం కొంచెంగా విరిగిపడడం మొదలైంది.

ఇది చూసి వచ్చిన కళ్ళతో మా ఊరి పక్క మైకా గోతులను చూస్తే నాకు కలిగే భయం మీకు చెప్పాలి.

నెల్లూరు మైకా పట్టీ కథ 19వ శతాబ్దం చివరి నుంచి సాగుతోంది. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతాల మీదుగా ఈ పట్టీ పరుచుకుని ఉంది. మన మైకాకు లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. పొదలకూరు దగ్గరి ఇనుకుర్తి గనిలో పది అడుగుల అడ్డం ఉన్న పలకలు దొరికాయని పాత భూగర్భ శాస్త్ర గ్రంథాల్లో ఉంది. రేడియో వాల్వుల్లో, కరెంటు మోటార్లలో ఇన్సులేషన్‌కు ప్రపంచమంతా ఈ రేకులు కొన్నది. కార్మికుల కోసం 1946లోనే ప్రత్యేకంగా అభ్రక (మైకా) గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టం వచ్చిందంటే ఈ పరిశ్రమ స్థాయి అర్థమవుతుంది. తర్వాత వేరే పదార్థాలు ఆ స్థానంలోకి వచ్చాయి, లోతు పెరిగి నీళ్ళు తోడే ఖర్చు పెరిగింది, ఒక్కో గని ఆగిపోయింది. బొగ్గు గని ఆగితే కనీసం ఒక సంస్థ పేరు మిగులుతుంది. ఇక్కడ లీజుదారు పోయాడు, వారసులు ఏ పట్టణంలోనో స్థిరపడ్డారు, గొయ్యి మా ఊళ్ళో మిగిలింది.

బొగ్గుకూ మైకాకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మైకా పొరలా పరుచుకుని ఉండదు. పెగ్మటైట్ అనే రాతి ధారల్లో, పలుగురాయి, ఫెల్‌స్పార్ మధ్యలో, అక్కడక్కడా గుత్తులుగా ఉంటుంది. పగలగొట్టిన రాయిలో మంచి రేకు చాలా స్వల్పం. మిగతాదంతా బయట గుట్టలుగా పోశారు. మా చిన్నప్పుడు ఆ తెల్లరాళ్ళ గుట్టలు ఎందుకూ పనికిరానివి, మేకలు ఎక్కే చోట్లు. ఇప్పుడు ఆ పలుగురాయికి గిరాకీ వచ్చింది. గుట్టలను జేసీబీలతో తవ్వి తీసుకుపోతున్నారు. అంటే గోతులను పూడ్చడానికి ఊరి దగ్గర ఉన్న ఒకే ఒక్క సరుకు లారీ ఎక్కి వెళ్ళిపోతోంది. అమ్మకానికి పనికొచ్చే రాయిని అమ్ముకోవద్దని నేను అనను. అందులోంచి ఎంత భాగం గోతిలోకి తిరిగి వెళ్ళాలో పర్మిట్ ఇచ్చే రోజునే రాయకపోతే, రేపు పూడ్చుదామన్నా మట్టి ఉండదని మాత్రం గట్టిగా చెబుతున్నాను.

మొన్న వేసవిలో మా ఊరి దక్షిణాన ఉన్న ఒక పాత గోతిని టేపుతో, లెవెల్‌తో నేనే కొలిచాను. సహాయానికి మా తమ్ముడి కొడుకు వచ్చాడు. గొయ్యి నోరు దాదాపు ఎకరం. లోతు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంది, సగటున 20 మీటర్లు వేసుకోవచ్చు. తూర్పు గట్టు మెత్తటి మైకా రాయి. వేలితో నొక్కితే రేకులుగా రాలుతుంది. అంచు నుంచి మూడు అడుగుల వెనక నేల మీద ఒక పగులు ఉంది. దానిలోకి నా చేతికర్ర మోచెయ్యి లోతు దిగింది. ఆ పగులుకు ఇవతలే మేకలు తిరిగే బాట ఉంది. కంచె లేదు, బోర్డు లేదు. గనిని వదిలేసేటప్పుడు నోటికి కంచె కట్టాలని, లోపలి పనుల ప్లాను గనుల భద్రతా అధికారులకు అప్పగించాలని దేశంలో ఎప్పటి నుంచో నియమం ఉంది. ఈ గోతి ప్లాను కోసం ఒక కార్యాలయానికి అర్జీ పెట్టాను. రికార్డు దొరకలేదని జవాబు వచ్చింది.

ఇప్పుడు లెక్క చూడండి. ఎకరం నోరు, 20 మీటర్ల సగటు లోతు అంటే సుమారు 80,000 ఘనపు మీటర్లు. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పరుతో 8,000 ట్రిప్పులు. పెద్ద ఖనిజాల (కేంద్ర నియమాల కిందికి వచ్చేవి) గనులకు పూచీగా పెట్టాల్సిన ఆర్థిక హామీని 2021లో పెంచి, ఏ తరగతి (భారీ యంత్రాలతోనో ఎక్కువ మంది కూలీలతోనో నడిచే) గనులకు హెక్టారుకు 5 లక్షలు, బీ తరగతికి (మిగతా గనులకు) 3 లక్షలు చేశారు. ఎక్కువదైన 5 లక్షలే తీసుకున్నా, ఎకరానికి వచ్చేది దాదాపు 2 లక్షలు. 8,000 ట్రిప్పులకు పంచితే ట్రిప్పుకు 25 రూపాయలు. ఆ డబ్బుతో మట్టి ఎత్తి, మోసి, పోయడం ఎవరివల్లా కాదు. వైశాల్యాన్ని బట్టి హామీ తీసుకునే పద్ధతి, పలచగా పరుచుకున్న గనులకు సరిపోతుందేమో గాని, చిన్న నోటితో లోతుగా దిగే పెగ్మటైట్ గనులకు ఏమాత్రం సరిపోదు. హామీని గోతి ఘనపరిమాణం మీద లెక్కకట్టమని, అందుకు కేంద్ర నియమాల్లో మార్పు అవసరమైతే ఆ సిఫారసు ఈ జిల్లా నుంచే వెళ్ళాలని కోరుతున్నాను.

ఈ విషయం ఇప్పుడే ఎందుకు ఎత్తుతున్నానంటే, చట్టంలో మన ఖనిజాల స్థానం ఈ మధ్యే మారింది. మూసివేత ప్రణాళిక, ఆర్థిక హామీ అనేవి ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నియమాల్లోకి 2003 ఏప్రిల్‌లో వచ్చాయి. మా గోతుల్లో చాలావాటికి అప్పటికే ఆయుష్షు తీరిపోయింది. 2015 ఫిబ్రవరి 10న మైకా, పలుగురాయి, ఫెల్‌స్పార్, ముగ్గురాయి సహా 31 ఖనిజాలను చిన్న తరహా ఖనిజాలుగా ప్రకటించి రాష్ట్రాల అజమాయిషీకి ఇచ్చారు. 2025 ఫిబ్రవరి 20న ఈ నాలుగింటినీ తిరిగి పెద్ద ఖనిజాల్లో చేర్చారు. పెగ్మటైట్లలో లిథియం, బెరిల్, నియోబియం, టాంటలం వంటి కీలక ఖనిజాలు ఉండే అవకాశం ఉంది కనుక వాటిని వెలికితీయడానికే ఈ మార్పు అన్నారు. మన పట్టీలో బెరిల్, సమర్‌స్కైట్ వంటి అరుదైన ఖనిజాలు దొరుకుతాయని భూగర్భ శాస్త్రవేత్తలకు ఏనాడో తెలుసు. కాబట్టి ఈ నేలను మరోసారి తవ్వడం ఖాయం. దేశానికి ఆ ఖనిజాలు అవసరమే. కానీ మొదటిసారి తవ్వినప్పటి గోతులు నోళ్ళు తెరుచుకుని ఉండగా రెండో తవ్వకం మొదలవుతోందన్న సంగతి మీరు గుర్తించాలి.

పెద్ద ఖనిజాల నియమాలు వర్తిస్తే మాకు కలిగే మేలు కూడా ఉంది. పైమట్టిని విడిగా తీసి, వాడుకోవాలి లేదా విడిగా నిల్వ చేయాలి. భూమిని దశలవారీగా బాగుచేస్తూ, గని వదిలే లోపు ఆ పని పూర్తి చేయాలి. చివరి మూసివేత ప్రణాళికను రెండేళ్ళ ముందు ఇవ్వాలి, గడువులోగా ఇవ్వకపోతే హామీ మొత్తాన్ని జప్తు చేయవచ్చు. ఏ ఏడాది ఎంత బాగుచేశారో జూలై 1 లోగా నివేదిక ఇవ్వాలి. ఈ చివరి మాట మీద నాకు చాలా ఆశ ఉంది. ఆ నివేదికను తెలుగులో రాయించి, గోతి కొలతలతో, ఫొటోతో, గ్రామ సచివాలయం గోడ మీద అంటించండి. మా బొగ్గు గనిలో నా అంకెలు ఫైలులోనే ఉండిపోయాయి కనుకే వాటికి విలువ లేకపోయింది. పది మంది మేకల కాపరులు చదివే గోడ మీద అదే అంకె ఉంటే, పూడ్చని గోతిని పూడ్చినట్టు రాయడానికి ఎవరికీ చెయ్యి రాదు.

మొక్కల గురించి ఒక మాట. గోదావరి లోయలో జూన్, జూలైల్లో నాటితే నైరుతి వానలకు వేళ్ళూనుకుంటాయి. మన నెల్లూరు నేలకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనమే ఆధారం. జూలైలో ఇక్కడ ఎండ ఇంకా మాడ్చేస్తూనే ఉంటుంది. రాష్ట్రమంతటికీ ఒకే తేదీ పెట్టి ఇక్కడి గుట్టల మీద మొక్కలు నాటిస్తే అవి వాన ముఖం చూడకుండానే చస్తాయి. అక్టోబరు తొలి వానకు నాటండి. నీలగిరి, సుబాబుల్ కాకుండా కానుగ, వేప, రేల, సీతాఫలం వంటివి పెట్టండి. గుట్ట వాలు 28 డిగ్రీలకు మించకుండా సర్దిన తర్వాతే నాటండి, లేకుంటే మొదటి తుఫానుకే మొక్కా మట్టీ కలిసి గోతిలోకి జారతాయి. గనులు తవ్వేసిన భూమిలో గడ్డి, మేత తిరిగి పెరిగేలా చేయాలన్న షరతును లీజుల్లో పెట్టాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. మా పల్లెల్లో పొట్టపోసుకునేది మేకలు, గొర్రెల మీద కనుక ఆ మాట మాకు చాలా దగ్గరగా తగిలింది.

గోతులను థర్మల్ బూడిదతో పూడ్చేద్దామన్న ఆలోచన కొందరి నోట వింటున్నాను. కృష్ణపట్నం దగ్గర నేలటూరులో విద్యుత్ కేంద్రం ఉంది, బూడిద దండిగా వస్తుంది. గని గోతుల్లో బూడిద వాడవచ్చని కేంద్ర నోటిఫికేషన్లూ అనుమతిస్తున్నాయి. బొగ్గు గనుల్లో ఈ పద్ధతి ఉంది, కొన్నిచోట్ల బాగానే పనిచేసింది. కానీ మైకా గోతుల అడుగున పగుళ్ళున్న రాయి ఉంటుంది. ఆ పగుళ్ళే మా నిమ్మతోటల బావులకు, తాగునీటి బోర్లకు నీళ్ళు మోసే దారులు. బూడిదలో ఉండే ఆర్సెనిక్, సీసం వంటివి ఆ దారిలో కలిస్తే తిరిగి తీయలేం. ప్రతి గోతికీ విడిగా నీటి పరీక్ష, అడుగున పొర, చుట్టూ పరిశీలన బోర్లు ఉంటే తప్ప బూడిద పోయడానికి ఒప్పుకోవద్దని ఒక గని మనిషిగా ప్రాధేయపడుతున్నాను. గొయ్యి ఉన్నా ఊరు బతుకుతుంది, బావి నీళ్ళు చెడితే బతకలేదు.

అన్ని గోతులనూ పూడ్చాలని కూడా నేను అనను. కొన్నిటిలో ఏళ్ళ తరబడి మంచి నీళ్ళు నిలిచాయి. ఎండాకాలంలో రైతులు మోటార్లు పెట్టి నిమ్మచెట్లను కాపాడుకుంటున్నారు. వాటిని పూడిస్తే రైతు నోట్లో మట్టి కొట్టినట్టవుతుంది. అటువంటి చోట ఒక పక్క గట్టును నడవగలిగేంత వాలుగా కోసి, మిగతా మూడు పక్కలా గట్టి కంచె వేసి, చెరువులా తీర్చిదిద్దితే చాలు. ఏది పూడ్చాలి, ఏది చెరువు కావాలి అన్నది ఆ ఊరి గ్రామసభ చెప్పాలి. నెల్లూరు నుంచో, గనుల బ్యూరో ఉన్న నాగపూర్ నుంచో తేల్చే విషయం కాదిది.

ఇక పాత, యజమాని లేని గోతుల సంగతి. ముందు వాటి పట్టిక కావాలి. 2022లో జిల్లాల పునర్విభజనతో మైకా పట్టీ రెండు జిల్లాల మధ్య పంపకమైంది, రికార్డులూ అలాగే చెదిరాయి. రెండు జిల్లాల సర్వే సిబ్బందిని కలిపి, ప్రతి గోతినీ కొలిచి, నంబరు వేసి, ఏ సర్వే నంబరులో ఉందో, ఏ ఊరి పిల్లలు దాని పక్కనుంచి బడికి వెళతారో నమోదు చేయండి. ప్రమాదకరమైన గట్టులున్న వాటికి ఈ వానాకాలం లోపే కంచె వేయండి. ఖర్చు ఎక్కడిదంటే, 2015 చట్ట సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి ఉంది. గనుల వల్ల నష్టపోయిన ఊళ్ళ కోసమే ఆ నిధి పుట్టింది. తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణ పరిరక్షణ వంటి వాటికే అందులో అధిక భాగం ఖర్చు పెట్టాలన్న నిబంధన ఉంది. గొయ్యి ఉన్న ఊరికి కాక, గని వాసన తెలియని ఊరిలో సీసీ రోడ్డుకు ఆ డబ్బు పోకూడదు.

లీజుదారులకు కూడా నా విన్నపం ఉంది. మీలో కొందరి తాతల దగ్గర మా నాయన పనిచేశాడు. ఆ కుటుంబాలు మా ఇంట్లో పెళ్ళిళ్ళకు బియ్యం పంపిన రోజులు నాకు గుర్తున్నాయి. ఇప్పుడు మీరు కొత్తగా కోత పెట్టబోయే చోట, మొదటి రోజే పైమట్టిని విడిగా గీకి, మీటరున్నర ఎత్తు మించకుండా పోసి, దాని మీద జనుమో పిల్లిపెసరో చల్లించండి. పక్కనే ఉన్న పాత గోతిలోకే మీ కొత్త వ్యర్థపు రాయిని పోయించండి. పక్క గొయ్యి ఉండగా కొత్త గుట్ట ఎందుకు? దానికి పర్మిషన్ సమస్య ఉంటే చెప్పండి, ఊరి తరఫున మేమూ సంతకాలు పెడతాం. తొలి ఏళ్ళలో, రాయి అమ్ముడుపోతున్నప్పుడు చేసే ఈ పనికి పెద్ద ఖర్చు లేదు. ఆఖరి ఏడాదికి వాయిదా వేస్తే మీవల్ల కాదు, మీ పిల్లలవల్లా కాదు.

అధికారులు ఎప్పుడు వచ్చినా, నేను కొలిచిన గోతి ప్లాను, అంచు పగులు ఎక్కడెక్కడ ఉందో గుర్తులు పెట్టిన నకలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. పగులుకు రెండు పక్కలా రెండు మేకులు కొట్టి వాటి మధ్య దూరం ప్రతి అమావాస్యకు కొలిచి నోటు పుస్తకంలో రాస్తున్నాను. ఈశాన్య వానలు మొదలు కాకముందే ఒకసారి రండి. ఎండలో నడవాల్సి ఉంటుంది కనుక పొద్దున్నే బయల్దేరితే మంచిది. గోతి దాకా దారి నేను చూపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గని సర్వేయరు,
సైదాపురం మండలం